మూడు బకెట్ల ఐసు

(ఈ ఎపిసోడ్‌కి రాత రూపం ఇది. మాట్లాడినట్టే ఉంచాం. తడబాట్లు, దగ్గులు మాత్రం తీసేశాం.)

మత్రా నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల ఏదైనా హోరు వినిపిస్తే అది ఏసీ. జూన్ నెలలో ఇక్కడ దాన్ని ఆపేసి రికార్డింగ్ చేసేంత నిష్ఠ నాకు లేదు, క్షమించాలి.

ఇవాళ్టి విషయం ఐసు. నీళ్ళు, ఐసు. ద్రవ్యరాశి, ఘనపరిమాణం, సాంద్రత అని ఏడో తరగతిలోనో ఎనిమిదో తరగతిలోనో చదువుకుని, పరీక్ష రాసేసి, వదిలేసిన మూడు మాటలు. వాటి మీద ఎపిసోడ్ చేస్తానని నేనూ అనుకోలేదు. ఒక తమ్ముడికి జీతంలో కోత పడింది కాబట్టి చేస్తున్నాను.

అతని పేరు చెప్పను. శ్రీకాకుళం జిల్లావాడు. నిజ్వా వైపు ఒక కాంట్రాక్టరు క్యాంపులో మెస్ చూస్తాడు, అంటే వంటా అతనే, సరుకులు తెచ్చేదీ అతనే. వారానికోసారి పికప్‌లో తెల్లవారుజామున మత్రా వస్తాడు. కార్నిష్ పడమటి కొసన చేపల మార్కెట్ ఉంది కదా, 2017లో తెరిచిన కొత్త భవనం, పైన అలల్లాగా తెల్లటి పందిరి ఉంటుంది. నార్వేకి చెందిన స్నోహెట్టా అనే సంస్థ గీసిన డిజైన్ అది. అక్కడ నలభై కిలోల దాకా వంజరం కొంటాడు. ఇక్కడివాళ్ళు కనద్ అంటారు. ఒక పాత ఐస్ బాక్సులో చేప పేర్చి, మూడు బకెట్ల ఐసు వేసుకుని, మధ్యలో వేరే సరుకులు కూడా ఎక్కించుకుని క్యాంపుకి వెళ్ళిపోతాడు. సాయంత్రం ఐదింటికి బాక్సు తెరిచి వంట మొదలుపెడతాడు. రెండేళ్ళుగా ఇదే పద్ధతి. తెరిచేసరికి అడుగున ఇంకా నాలుగు ఐసు ముక్కలు ఉండేవట.

ఒక గురువారం తెరిస్తే ఐసు లేదు. చల్లదనమూ లేదు. వాసన. నలభై కిలోలూ పారబోశాడు.

పారబోయడం మంచి పనే చేశాడు, అది ముందే చెప్పేస్తాను. వంజరం, తూర, కానాగంతలు, ఇవన్నీ ఒకే కుటుంబం చేపలు. వేడెక్కితే వాటి మాంసంలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. అది ఒకసారి తయారైతే ఎంత ఉడకబెట్టినా పోదు. కారం ఎక్కువేస్తే సరిపోతుందనుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, సరిపోదు. అరవై మంది తినే మెస్‌లో అది పెట్టి ఉంటే ఇవాళ నేను వేరే ఎపిసోడ్ చేస్తుండేవాణ్ణి.

సరే. చేప పోయింది. దాని డబ్బు జీతంలో కోశారు. అతన్ని బాధపెట్టింది డబ్బు ఒక్కటే కాదు. పైవాడు ఒక మాట అన్నాడట. "మూడు బకెట్లు ఎప్పుడూ సరిపోయేవి. ఈసారి రెండే వేసి, మూడో బకెట్ డబ్బులు నువ్వు ఉంచుకున్నావు." మహా అయితే ఒకటి రెండు రియాల్స్ మాట. దానికి దొంగ అనిపించుకున్నాడు.

మరుసటి వారం మార్కెట్ బయట కనబడి నాతో అన్నాడు: "మూడు బకెట్లే ఏసినానన్నా. అమ్మ తోడు. అదే బకెట్టు, అదే బాక్సు, అదే దారి. ఐసు ఎలాగ తక్కువైపోయిందో సెప్పు. నువ్వు సైన్సు సెప్తావు కదా."

నేను అక్కడికక్కడే ఒక జవాబు చెప్పాను. తప్పు జవాబు. అదేమిటో చెప్పి, అక్కడినుంచి వెళ్దాం.

నేనన్నది ఇది: "తమ్ముడూ, నీళ్ళు ఐసైతే పొంగుతాయి. చోటు ఎక్కువ పడుతుంది. అందుకని బకెట్ నిండా కనబడినా లోపల సరుకు తక్కువ ఉంటుంది." వినడానికి బాగుంది. పాఠం కూడా నిజమే. కానీ అతని ప్రశ్నకి అది జవాబు కాదు. అతను రెండేళ్ళుగా వేస్తున్నది కూడా ఐసే కదా, నీళ్ళు కాదు కదా! ఆ పొంగు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఇంటికొచ్చి అన్నం తింటుంటే తట్టింది నాకు ఈ సంగతి. సిగ్గేసింది కూడా.

ముందు ఆ పాఠాన్నే సరిగ్గా చూద్దాం. లీటరు నీళ్ళు తీసుకోండి. తూస్తే కిలో. కాస్త అటూ ఇటూగా అంతే. దాన్ని గడ్డకట్టించండి. తూకం ఎంత? కిలోయే. ఎక్కడికీ పోలేదు, ఎక్కడినుంచీ రాలేదు. ద్రవ్యరాశి అంటే అదే: అందులో ఉన్న సరుకు. రూపం మారితే మారేది కాదు. కానీ ఆ కిలో ఐసు పట్టే చోటు ఇప్పుడు లీటరు కాదు, లీటరు మీద 90 మిల్లీలీటర్లు. ఘనపరిమాణం అంటే ఆ చోటు. ఇంచుమించు పదకొండో వంతు పెరిగింది. సరుకు అంతే ఉండి చోటు పెరిగితే, లీటరు చోటులో ఉండే సరుకు తగ్గినట్టే. లీటరు ఐసు తూగేది 917 గ్రాములు. ఆ లెక్క పేరే సాంద్రత.

సాంద్రత అన్న మాటతో మనవాళ్ళకి ఒక చిక్కు ఉంది. నిజంగానే చిక్కు. చాలామంది దాన్ని చిక్కదనం అనుకుంటారు. పాలు చిక్కగా ఉన్నాయి, పులుసు చిక్కబడింది అంటాం, అలాగ. అది వేరే గుణం. నూనె నీళ్ళకన్నా చిక్కగా, జిడ్డుగా, నెమ్మదిగా జారుతుంది. కానీ నీళ్ళ మీద తేలుతుంది. చిక్కదనం ఎక్కువ, సాంద్రత తక్కువ. ఈ రెండూ ఒకటే అనుకుంటే తరవాత ఏదీ సరిగ్గా అర్థం కాదు.

ఇంట్లో చేసి చూశాం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. లీటరు ప్లాస్టిక్ సీసాలో 900 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, మట్టం దగ్గర స్కెచ్ పెన్‌తో గీత గీసి, వంటింటి కాటా మీద పెట్టింది. సీసాతో కలిపి 934 గ్రాములు. రాత్రంతా ఫ్రీజర్లో పెట్టింది. గాజు సీసాతో మాత్రం చెయ్యకండి, పగులుతుంది. మూతిదాకా నింపినా ప్రమాదమే. ఐసు ఫ్యాక్టరీవాళ్ళు కూడా ఆ రేకు డబ్బాల్ని అంచుదాకా నింపరు, ఈ పొంగు కోసమే కాస్త వెలితి ఉంచుతారు. పొద్దున తీస్తే మట్టం గీతకన్నా పైకి వచ్చేసింది, 980 దగ్గరికి. బాగుంది. కాటా మీద పెట్టింది. 941.

"నాన్నా, ఏడు గ్రాములు పెరిగింది. నువ్వు చెప్పింది తప్పు" అంది.

ఆ ఏడు గ్రాములు ఎక్కడివి? నేనూ ఒక్క క్షణం తెల్లమొహం వేశాను. తరవాత సీసా మీద చెయ్యి వేస్తే తడి. మత్రా గాలి సంగతి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, కళ్ళజోడు పెట్టుకుని ఏసీ గదిలోంచి బయటికొస్తే లోకమంతా పొగమంచే. చల్లటి సీసా కనబడగానే ఆ గాలిలోని తేమ దాని మీద నీరై కూర్చుంది. తువ్వాలుతో గట్టిగా తుడిచి మళ్ళీ వెంటనే పెడితే 934. అంటే ఐసు బరువెక్కలేదు, గాలి వచ్చి తూకంలో చేరింది. పుస్తకంలో రాసిన ప్రయోగానికీ మత్రాలో చేసిన ప్రయోగానికీ ఏడు గ్రాముల తేడా!

పొంగడం ఎందుకు అన్నది రెండు ముక్కల్లో. నీటి అణువు ఒక్కొక్కటీ చుట్టూ ఉన్న నాలుగు అణువులతో చేతులు కలుపుతుంది అనుకోండి. ద్రవంగా ఉన్నప్పుడు ఆ చేతులు పట్టుకుంటూ వదులుతూ, సంతలో జనంలాగా ఒకరి మీద ఒకరు పడుతూ ఉంటాయి. గడ్డకట్టాక ఆ పట్టు స్థిరపడిపోతుంది. కోలాటంలో కర్ర పొడవంత దూరంలో నిలబడ్డట్టు, ఎవరి చోట వాళ్ళు. ఆరేసి అణువుల వలయాలు, మధ్యలో ఖాళీలు. ఆ ఖాళీలే పెరిగిన చోటు. చాలా పదార్థాలు గడ్డకడితే కుదించుకుపోతాయి. నెయ్యి పేరుకున్నప్పుడు డబ్బా మధ్యలో గుంట పడటం మీరు చూసే ఉంటారు. నీళ్ళు అందుకు విరుద్ధం. నీటి సాంద్రత అన్నిటికన్నా ఎక్కువ ఉండేది 4 డిగ్రీల దగ్గర. అక్కడినుంచి ఇంకా చల్లబరిస్తే కొంచెం కొంచెం పలచబడుతుంది, గడ్డకట్టగానే ఒక్కసారిగా పొంగుతుంది. చలిదేశాల్లో చెరువులు పైనుంచి గడ్డకట్టి, కింద చేపలు బతకడానికి కారణం ఇదే. ఉప్పునీటికి ఈ 4 డిగ్రీల నియమం వర్తించదు. సముద్రమంత ఉప్పు ఉంటే గడ్డకట్టే దాకా బరువెక్కుతూనే ఉంటుంది. మత్రా రేవులో ఆ బెంగ ఎవరికీ లేదు లెండి. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న కురియాత్‌లో 2018 జూన్‌లో ఒక రోజంతా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకన్నా కిందికే దిగలేదు. రాత్రి కూడా!

మళ్ళీ బకెట్ దగ్గరికి.

అన్నం తింటూ నాకు తట్టింది చెప్పానుగా. అతనికి ఫోన్ చేసి అడిగాను. "ఆ రోజు ఐసు ఎక్కడ తీసుకున్నావు?"

"ఎప్పుడూ తీసుకునే చోట మిషను పాడైందన్నా. ఇంకో చోట తీసుకున్నాను. బకెట్టు అదే రేటు."

"ఎలా ఉంది ఆ ఐసు? ముక్కలుగా ఉందా?"

"కాదన్నా. రేకులు రేకులుగా. తెల్లగా, సోంపాపిడిలాగ. బకెట్టు నిండా గోపురం ఎట్టి మరీ ఇచ్చినాడు, నానే మంచోడనుకున్నాను."

అదీ సంగతి.

ఎప్పుడూ అతను కొనేది దిమ్మ ఐసు. ఫ్యాక్టరీలో పెద్ద దిమ్మ కట్టి, దాన్ని మిషన్‌లో వేసి ముక్కలు చేస్తారు. ఆ రోజు కొన్నది రేకు ఐసు. చల్లటి లోహపు గుండ్రం మీద నీళ్ళు పలచటి పొరగా గడ్డకడితే, కత్తితో గీకి రాల్చేది. రెండూ ఐసే. ఒక్కొక్క ముక్క, ఒక్కొక్క రేకు సాంద్రత చూస్తే రెండూ లీటరుకి ఆ 917 గ్రాముల దగ్గరే. కానీ కుప్పగా పోసినప్పుడు మధ్యలో గాలి ఎంత?

మన అమ్మమ్మలకి ఇది వివరించక్కర్లేదు. మానికతో బియ్యం కొలిచిన చేత్తోనే మరమరాలూ కొలిచేవాళ్ళు. మానిక బియ్యం ఒక పూట ఇంటిల్లిపాదికీ అన్నం. మానిక మరమరాలు పిల్లాడి జేబులోకి. తవ్వ, సోల, మానిక, కుంచం, ఇవన్నీ చోటుని కొలిచేవి. వీశె, మణుగు బరువుని కొలిచేవి. ఏ సరుకుని దేంతో కొలవాలో ఊరికి తెలుసు. బెల్లం వీశెల్లో, ధాన్యం కుంచాల్లో. చోటు కొలతతో బేరం న్యాయంగా ఉండాలంటే ఒక షరతు ఉంది, సరుకు ఎప్పుడూ ఒకే రకంగా ఉండాలి. మా తమ్ముడి బకెట్‌లో ఆ గురువారం ఆ షరతు తప్పింది. బియ్యం కొలిచే మానికతో మరమరాలు కొనుక్కుని ఇంటికి వెళ్ళాడు.

తరవాత వారం ఇద్దరం కలిసి తూచాం. తెలిసిన ఒక చేపలాయన తన కాటా ఇచ్చాడు. 20 లీటర్ల బకెట్. దిమ్మ ఐసు ముక్కలు అంచుదాకా పోస్తే, బకెట్ బరువు తీసేసి, 14 కిలోలు. అదే బకెట్‌లో రేకు ఐసు 9 కిలోలు. చేపల పరిశ్రమవాళ్ళు వాడే లెక్కలు కూడా దీనికి దగ్గరే. టన్ను దిమ్మ ఐసు ముక్కలకి 1.4 నుంచి 1.5 ఘనపు మీటర్ల చోటు కావాలంటారు, టన్ను రేకు ఐసుకి 2.2 నుంచి 2.3.

చూడండి, మూడు అంకెలు. లీటరు చోటులో గడ్డ ఐసు 917 గ్రాములు, ముక్కల కుప్ప 700 గ్రాములు, రేకుల కుప్ప 450 గ్రాములు. పాఠ్యపుస్తకంలో మొదటిది ఒక్కటే ఉంటుంది. మార్కెట్‌లో ఆ అంకె ఎవరి బకెట్‌లోనూ ఉండదు. నీళ్ళకీ ఐసుకీ ఉన్న ఆ పదకొండో వంతు తేడా గురించి నేను గొప్పగా చెప్పాను గానీ, అతన్ని ముంచింది ఐసుకీ ఐసుకీ మధ్య ఉన్న తేడా.

మూడు బకెట్లు. దిమ్మ ఐసైతే 42 కిలోలు. రేకు ఐసైతే 27. పదిహేను కిలోలు తక్కువ. అంటే అతని పైవాడు అన్న మాటలో ఒక రకంగా లెక్క ఉంది. దిమ్మ ఐసు లెక్కన చూస్తే ఇది మూడు బకెట్లు కాదు, రెండు బకెట్లకన్నా తక్కువే. కానీ తక్కువ చేసింది అతను కాదు.

ఇప్పుడు అసలు లెక్క. ఇది కొంచెం ఓపికగా వినండి, కాగితం ఉంటే ఇంకా మంచిది.

కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడి కావాలి. సున్నా డిగ్రీల ఐసు సున్నా డిగ్రీల నీరు కావడానికే అంత. ఐసు గొప్పతనమంతా అక్కడే ఉంది. ఆ 334 ఇంత చోటుకి కాదు, ఇంత సరుకుకి. కిలోకి. చల్లదనం బరువులో ఉంటుంది గానీ బకెట్‌లో ఉండదు.

చేప 40 కిలోలు. బాక్సులో పెట్టేటప్పటికి 25 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. కిలో చేపని ఒక డిగ్రీ చల్లబరచడానికి సుమారు 3.5 కిలోజౌళ్ళు లాగాలి. 40 ఇంటూ 3.5 ఇంటూ 25, మొత్తం 3,500. దాన్ని 334తో భాగిస్తే పదిన్నర కిలోల ఐసు. అంటే దారి పట్టకముందే, చేపని చల్లబరచడానికే పదిన్నర కిలోలు ఖర్చు. ఇది ఏ రకం ఐసైనా కట్టాల్సిన పన్ను.

మిగిలిందెంత? దిమ్మ ఐసైతే 42లోంచి పదిన్నర పోతే 31.5 కిలోలు. రేకు ఐసైతే 27లోంచి పదిన్నర పోతే 16.5. గమనించారా? మొదట్లో మూడో వంతు తక్కువ. పన్ను కట్టాక చూస్తే దాదాపు సగం. జీతం మూడో వంతు తగ్గితే, అద్దె కట్టాక చేతిలో మిగిలేది మూడో వంతుకన్నా ఎక్కువ తగ్గుతుంది కదా, అదే సూత్రం. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇది నేను చెప్పాలా!

ఆ మిగిలిన ఐసు బాక్సు గోడల్లోంచి, మూత సందుల్లోంచి వచ్చే వేడితో పోరాడాలి. బాక్సు పాతది, మూత సరిగ్గా కూర్చోదు, పికప్ వెనక ఎండలో. గంటకి 3 కిలోల ఐసు కరుగుతుందని వేసుకున్నాను. ఇది నా అంచనాయే. కానీ ఈ అంచనాతో దిమ్మ ఐసు పదిన్నర గంటలు వస్తుంది. పొద్దున ఏడింటికి మూత పెడితే సాయంత్రం ఐదున్నర దాకా. ఐదింటికి తెరిస్తే అడుగున నాలుగు ముక్కలు ఉండాలి. ఉండేవని అతనే చెప్పాడు కదా! లెక్క నిలబడింది. అదే రేకు ఐసు ఐదున్నర గంటలు. ఏడుకి ఐదున్నర కలిపితే పన్నెండున్నర.

పన్నెండున్నర. ఇక్కడ వేసవిలో బయటి పనులు ఆపేసే వేళ అది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఒమాన్‌లో నియమం ఉంది. మనుషులు నీడకి చేరే సమయానికి ఆ బాక్సులో ఐసు అయిపోయింది. అడుగున బెజ్జం తెరిచే ఉంటుంది, కరిగిన నీళ్ళు కూడా కారిపోయాయి. అక్కడినుంచి ఐదు దాకా చేప ఒంటరిగా వేడెక్కింది. నాలుగున్నర గంటలు.

రేకు ఐసు చెడ్డదని ఎవరూ అనుకోకండి. నిజానికి చేపకి అదే మెత్తన. ముక్కల్లాగా గుచ్చుకోదు, చేప ఒంటికి అతుక్కుని తొందరగా చల్లబరుస్తుంది. పడవ మీద, మార్కెట్ బల్ల మీద అది చాలా మంచిది. కానీ దాన్ని తూచి కొనాలి. అతనికి 42 కిలోల చల్లదనం కావాలంటే దాదాపు అయిదు బకెట్లు వేసుకోవాలి. అయిదు బకెట్లూ నలభై కిలోల చేపా ఆ బాక్సులో పట్టవు. అదింకో సమస్య. చోటు ఎటు తిరిగినా వచ్చి ఎదురుగా నిలబడుతుంది.

ఈ ఐసు మోసే కష్టం పాతదే. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వర్తకుడు అక్కడి చెరువుల్లో కోసిన ఐసుని ఓడలో కలకత్తాకి పంపాడు. 180 టన్నులు ఎక్కిస్తే నాలుగు నెలల ప్రయాణం తరవాత దాదాపు 100 టన్నులు మిగిలింది. భూమధ్యరేఖ రెండుసార్లు దాటి! ఎలా? చదరంగా కోసిన పెద్ద పెద్ద దిమ్మలు, సందు లేకుండా ఇటుకల్లాగా పేర్చినవి, చుట్టూ వేడి చొరనివ్వని పొర. రేకుల్లాగా పోసి ఉంటే అంతే ఓడలో సగం కూడా పట్టేది కాదు, పట్టింది కూడా దారిలోనే పోయేది. ఆ వ్యాపారం మద్రాసుకీ వచ్చింది. మన తెలుగువాళ్ళ మద్రాసు. బీచ్ రోడ్డు మీద ఐసు దాచడానికి 1840ల్లో కట్టిన గుండ్రటి భవనం ఇప్పటికీ ఉంది. ఐస్ హౌస్ అనేవాళ్ళు. 1897లో వివేకానందుడు అక్కడ బస చేశాడు, ఇప్పుడు దాని పేరు వివేకానంద ఇల్లం. మా నాన్న మద్రాసు వెళ్ళినప్పుడల్లా బస్సులో "ఐస్ హౌస్" అని టికెట్ తీసుకునేవాడు, ఎందుకా పేరని నేను ఏనాడూ అడగలేదు.

ఒక శ్రోత అడిగిన చిన్న ప్రశ్న ఇందులోనే కలిపేస్తాను. గ్లాసులో తేలే ఐసు కరిగితే నీటిమట్టం పెరుగుతుందా అని. మంచినీళ్ళలో అయితే పెరగదు. తేలుతున్న ఐసు తన బరువంత నీటినే పక్కకి తోస్తుంది, కరిగాక సరిగ్గా ఆ గుంటలోనే సర్దుకుంటుంది. కార్నిష్ మీద నిమ్మకాయ పుదీనా జ్యూసు తాగుతూ చూడండి. గ్లాసులో సగం ఐసే ఉంటుంది, అది వేరే మాట, అక్కడ మనం డబ్బులిచ్చేది చోటుకి. సముద్రపు నీళ్ళలో అయితే మట్టం రవ్వంత పెరుగుతుంది. ఉప్పునీరు లీటరు 1,024 గ్రాముల దాకా తూగుతుంది కాబట్టి ఐసు తక్కువ నీటిని తోసి తేలుతుంది. కరిగి మంచినీరయ్యాక తను చేసుకున్న గుంటకన్నా రెండు పైసల వంతు ఎక్కువ చోటు అడుగుతుంది. నూటికి రెండున్నర పాళ్ళు.

సరే, మన తమ్ముడి సంగతి. ఈ లెక్క మొత్తం ఒక తెల్ల కాగితం మీద రాసిచ్చాను. తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి, వాళ్ళ పైవాడికి హిందీ వచ్చు కాబట్టి. కాగితం చూసి ఆయన నమ్మలేదట. అంకెలతో ఏదైనా రాయొచ్చు అన్నాడట. అది కూడా నిజమే, నేను తప్పుపట్టను. అప్పుడు ఇతను ఒక పని చేశాడు. తరవాతి వారం రెండు రకాల ఐసూ చెరో బకెట్ కొని, బాక్సులో పెట్టకుండా, రెండూ పికప్ ముందు సీటు కింద నీడలో పెట్టి క్యాంపుకి తీసుకెళ్ళాడు. వంటింటి ముందు రెండు బకెట్లూ పక్కపక్కన పెట్టి, ఆయన్ని పిలిచి, పూర్తిగా కరిగేదాకా కూర్చోబెట్టాడు. తూకం యంత్రం అక్కర్లేకుండానే తేలిపోయింది. రెండు బకెట్లూ మార్కెట్‌లో అంచుదాకా నింపినవే. కరిగాక ఒకదాంట్లో నీళ్ళు ముప్పావు దగ్గరికి వచ్చి ఆగాయి, ఇంకోదాంట్లో సగం కూడా లేవు.

ఇది నాకు తట్టలేదు. కాటా కోసం మార్కెట్ అంతా తిరిగినవాణ్ణి నేను. కరిగితే గాలి పోతుంది, సరుకు మిగులుతుంది, నీళ్ళయ్యాక చోటూ బరువూ ఒకే అంకె అయిపోతాయి, లీటరు అంటే కిలో. 14 కిలోల ఐసు 14 లీటర్ల నీళ్ళు. 9 కిలోల ఐసు 9 లీటర్లు. బకెట్టే కాటా.

కోసిన డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఆ నెల లెక్క ముగిసిపోయిందన్నారట. కానీ ఆ మాట వెనక్కి తీసుకున్నాడట పైవాడు, నలుగురి ముందు. "అది సాలన్నా" అన్నాడు ఇతను. నాకైతే చాలదనిపించింది, కానీ జీతం నాది కాదు.

నిన్న గురువారం మళ్ళీ వచ్చాడు. నేను కూడా వెళ్ళాను, ఎండ ఎక్కకముందే. పాత చోట మిషను బాగైంది, దిమ్మ ఐసు దొరుకుతోంది. అయినా ఇతను బకెట్ పట్టుకుని ఆ అమ్మే కుర్రాడితో వచ్చీరాని అరబ్బీలో, హిందీలో కలిపి గొడవపడుతున్నాడు. దగ్గరికెళ్ళి ఏమైంది తమ్ముడూ అంటే, "కిలోల్లెక్కన ఇమ్మంటన్నానన్నా, కుదరదంటన్నాడు, బకెట్టే అంటన్నాడు."

"మరేం చేస్తావు?"

బకెట్ లోపలివైపు చూపించాడు. మార్కర్‌తో అడ్డంగా ఒక నల్లటి గీత, 14 లీటర్ల దగ్గర. క్యాంపుకెళ్ళాక పిడికెడు ముక్కలు గిన్నెలో కరిగించి చూస్తాడో, బకెట్టే కరిగిస్తాడో నాకు అర్థం కాలేదు. అడిగేలోపే చేపల వైపు పరిగెత్తాడు, వంజరం ధర దిగిందని ఎవరో అరిచారు.